కడిగి పంపిన గిన్నెలు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం నాది. నీళ్ళు రావట్లేదనీ, వస్తే బురదగా వస్తున్నాయనీ, పైపు పగిలి వాకిలి చెరువైందనీ పొద్దస్తమానం జనం నా మీద అరుస్తూనే ఉంటారు. అక్కడ తిరిగి ఒక్క మాట అనకూడదు. అనలేనిదంతా మూటగట్టుకుని ఇంటికొస్తాను. నేను గేటు తీసే చప్పుడును బట్టే మా ఆయన నాకు టీ పెట్టివ్వాలో, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి పక్కకు తప్పుకోవాలో తేల్చుకుంటాడు. అలాంటిదాన్ని మా అత్తయ్య విషయంలో మాత్రం నోటికి తాళం వేసుకున్నాను.

మాది పొట్టి వీధి. రెండు వరుసల ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కాస్త మట్టి. ఆ కాస్త మట్టిలోనే ఎవరికి తోచినవి వాళ్ళు పెంచుతారు. టమాటాలు విరగకాసినవాళ్ళు బుట్టలో పోసి గోడ మీద పెడితే కావలసినవాళ్ళు తీసుకుపోతారు. మాస్టారి గేటు పక్కన, వాన తగలకుండా రేకు కప్పిన పాత అలమర ఉంది. దాన్నిండా పుస్తకాలే. ఆయన లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. చేతులు ఊరుకోక, తెచ్చిపెట్టుకున్న కొలువు అది. ఎవరైనా తీసుకోవచ్చు, చదివాక తెచ్చి పెట్టేయాలి, అంతే.

ఇక వంటల సంగతి. ఎవరింట్లో ఏది బాగా కుదిరినా ఒక గిన్నె పక్కింటికి వెళుతుంది. వాళ్ళు ఆ గిన్నె కడిగి, అందులో నాలుగు నిమ్మకాయలో, గుప్పెడు పుదీనానో వేసి తిరిగి పంపుతారు. ఖాళీ గిన్నె పంపడం మా వీధిలో మర్యాద కాదు. తిన్నది బాగాలేదని చెప్పడం అసలే మర్యాద కాదు. ఉప్పు కషాయమైనా సరే, "చాలా బాగుందండీ" అనాల్సిందే.

ఈ గిన్నెల రాకపోకలకు మహారాణి మా అత్తయ్య. ఏళ్ళ తరబడి హాస్టల్లో వంట చేసిన చెయ్యి అది. కొలత లేదు, తూకం లేదు, కంటితో చూసి వేసేది. ఆవిడ పోపు పెడితే వీధి చివరి ఇంట్లో కిటికీ తెరుచుకునేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో "మీ అత్తగారు ఇవాళేం చేశారు?" అని తప్ప నన్ను "బాగున్నావా?" అని పలకరించినవాళ్ళు లేరు. అప్పట్లో ఒళ్ళు మండేది. తర్వాత నేనూ ఆ చేతివంటకు బానిసనైపోయాను.

మొదట తేడా వచ్చింది పుస్తకం దగ్గర. అత్తయ్యకు హత్యల నవలలంటే ప్రాణం. అన్నం తింటూ, చంపింది ఎవరో నాకు చెప్పేసి, "అయ్యో, నువ్వు చదవలేదు కదూ!" అని నాలుక్కరుచుకునేది. ఒకసారి తోటమాలి చంపాడని చెప్పింది. కొన్నాళ్ళకు అదే పుస్తకం మళ్ళీ తెచ్చుకుంది, మళ్ళీ కళ్ళింత చేసుకుని తోటమాలి చంపాడని చెప్పింది. ఆటపట్టిస్తోందనుకున్నాను. మరోసారి నేను పక్కనే ఉండగా అలమర తలుపు తీసి, అదే నవల చేతిలోకి తీసుకుంది.

"మాస్టారూ, ఇది నేను చదవలేదే!" అంది.

మాస్టారు నా వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత నవ్వుతూ, "ఇవాళే వచ్చిందమ్మా. మీకోసమనే ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను" అన్నారు.

ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకూ తెలిసింది. అయినా ఇద్దరం ఈసారి వానలు ఆలస్యమయ్యాయని కాసేపు మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. ఆయన మంచితనానికి కడుపు నిండిపోయింది, ఎందుకో భయం కూడా వేసింది.

ఆ భయం ఊరికే పోలేదు. ఓ సెలవురోజున అత్తయ్య కేకు చేసింది. చూడ్డానికి బంగారంలా పొంగింది. ముక్కలు కోసి గిన్నెల్లో సర్దుతుంటే నేను ఒక అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. నాలుక భగ్గుమంది. గిన్నెలు తోమే పొడి! సింకు దగ్గర ఉండాల్సిన డబ్బా పిండి పక్కన నిలబడి ఉంది. అత్తయ్య నా ముఖంలోకి ఆశగా చూస్తోంది. నేను గుటక వేయకుండా తల ఊపి, గిన్నెలున్న పళ్ళెం ఎత్తినట్టే ఎత్తి, చెయ్యి జారినట్టు కావాలనే నేల మీద పడేశాను.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు! పొద్దుట్నుంచి పడ్డ కష్టమంతా మట్టిపాలు చేశావు కదే!" అని ఆవిడ నన్ను చెడామడా తిట్టింది. అన్ని తిట్లు తిని సంతోషించడం నాకు అదే మొదటిసారి.

మా ఆయనకు చెబితే, "వయసు మీదపడుతోంది, మర్చిపోతుంది. నువ్వు మాత్రం బండి తాళాలు రోజూ వెతుక్కోవా?" అన్నాడు. కరెంటు పనివాడు కదా, తీగ తెగి మెరుపులొస్తే తప్ప నమ్మడు. చివరికి ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన అత్తయ్యను బయట కూర్చోబెట్టి ఆ జబ్బు పేరు చెప్పాడు. తగ్గేది కాదని చెప్పాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వొద్దన్నాడు.

వచ్చి వంటగదికి తాళం పెట్టాం. అత్తయ్య తలుపు లాగి చూసింది. కుర్చీ లాక్కుని తాళం వేసిన తలుపు ఎదురుగా కూర్చుంది. తినమంటే తినలేదు, పుస్తకం ఇస్తే తెరవలేదు. ఆ రోజంతా అలాగే గడిచింది, మర్నాడూ అలాగే. సాయంత్రానికి నన్ను పిలిచి, "నేనేం తప్పు చేశానమ్మాయ్? చెబితే దిద్దుకుంటాగా" అంది. నేను గబగబా వెళ్ళి తాళం తీసేశాను. మా ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడే నేను నియమం పెట్టాను. డబ్బాలన్నీ నేనే సర్దుతాను. పొడులూ, మందులూ, సబ్బులూ ఇంటి వెనక పనిముట్ల గదిలోకి వెళ్ళిపోవాలి. అత్తయ్య పగలు వండుకోవచ్చు గానీ, గిన్నెలు మాత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాకే గడప దాటాలి. "నేను వచ్చి తిన్నాకే పంచుదాం అత్తయ్యా. లేకపోతే నాకు మిగలట్లేదు" అని గారాలు పోయాను. ఆవిడ మురిసిపోయి ఒప్పుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటి నుంచి వెళ్ళే ప్రతి గిన్నెనూ ముందు నా నాలుక చూసింది.

వీధికి చెప్పొచ్చుగా అని మీరనొచ్చు. ఎన్నిసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చానో నాకే తెలుసు. ఒక్కమాట చెబితే అందరూ జాలిపడతారు. జాలిపడ్డాక గిన్నెలు ఆగిపోతాయి. గిన్నెలు ఆగిపోతే అత్తయ్య మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటుంది. చెప్పకపోతే, నేను ఒక్కరోజు ఏమరుపాటుగా ఉంటే చాలు, ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండింటి మధ్యా పడి నలిగిపోయాను. అన్నం తింటున్నా, ఆఫీసులో అవతలివాళ్ళు అరుస్తున్నా, నా చెవి ఒకటి మా వంటింట్లోనే ఉండేది.

అయినా సాయంత్రాలు బాగుండేవి, అబద్ధమెందుకు చెప్పాలి? నేను గిన్నెలు పట్టుకుని గేటు గేటుకూ తిరిగేదాన్ని, అత్తయ్య పక్కనే మూతలు పట్టుకుని నడిచేది. మొక్కల నర్సరీ ఆయన, టైలరక్క, మాస్టారు అందరూ రెండు చేతులా అందుకునేవారు. మర్నాడు తళతళలాడే గిన్నెలు వచ్చేవి. "నిన్నటి కూర ఎంత బాగుందో పిన్నిగారూ, పిల్లలు వేళ్ళు నాకేశారు" అనేది టైలరక్క. ఆవిడ మాటకు అత్తయ్య నడుము ఇంకాస్త నిటారుగా నిలబడేది. ఒకసారి సూపులో ఉప్పు రెండుసార్లు వేసింది. ప్రాణానికేం ముప్పు లేదు కదా అని వదిలేశాను. దానికి కూడా అందరూ బాగుందనే అన్నారు. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను.

ఈ మధ్యే మూలింట్లోకి కొత్తగా ఒక జంట దిగారు. అతను దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆ అమ్మాయికి ఏడో నెల. తల్లి లేదు. వంటంటే గుడ్డు ఉడకబెట్టడమూ, మాడ్చడమూ రెండే తెలుసునని తనే చెప్పి పకపకా నవ్వేది. అత్తయ్య ఆ పిల్లను చూసిన రోజునే కొంగు బిగించింది. ఇంట్లో ఏది వండినా ముందు గిన్నె మూలింటిదే. ఆ పిల్ల కూడా మొహమాటం లేకుండా గుమ్మంలోనే నిలబడి, గిన్నె ఎత్తిపట్టుకుని మా ఎదురుగానే తినేది. అలా మా ఎదుట తినేది వీధి మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే. "అమ్మమ్మా, రోజూ ఇలా పెడితే నా బిడ్డ నడుచుకుంటూ బయటికొస్తుంది" అనేది. అత్తయ్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది. నేను మాత్రం ఆ పిల్ల నములుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని.

అలాంటి రోజుల్లో నర్సరీ ఆయన పెద్ద సంచీడు బీన్స్ విత్తనాలు తెచ్చాడు. వీధి చివర మొక్కల దుకాణం ఆయనది. టోకుగా వచ్చిన సంచీని విప్పి, అరుగు మీద కాగితాలు పరిచి కుప్ప పోశాడు. గింజలన్నీ ముదురు గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి. ఇళ్ళవాళ్ళందరూ చేతికి దొరికిన సీసాలూ డబ్బాలూ పట్టుకొచ్చి పంచుకున్నారు. "పురుగు పట్టకుండా మందు పూసిన గింజలు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి" అని ఆయన మరీమరీ చెప్పాడు. విషమని అచ్చేసిన సంచీ మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. మా వాటా అత్తయ్య జామ్ సీసాలో పట్టుకొచ్చింది. నేను ఆ సీసాను తీసుకెళ్ళి పనిముట్ల గదిలో, పలుగూపారల వెనక పై అరలో పెట్టాను. వానలు పడగానే నాటేద్దామనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద గొట్టం పగిలింది. నా ఫోను పెట్టేయడానికి లేదు. ఒకరి తర్వాత ఒకరు తిట్టిపోస్తూనే ఉన్నారు. రోజూ ఇంటికి చేరే వేళ దాటిపోయింది. మధ్యలో ఎలాగో ఇంటికి ఫోను చేశాను. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. మా ఆయనకు చేస్తే ఆయనా ఎత్తలేదు, డ్యూటీలో స్తంభం మీద ఉండి ఉంటాడు.  "తలనొప్పి, చచ్చిపోతున్నాను" అని పై అధికారికి చెప్పి, ఆయన ఏమంటున్నాడో వినకుండా బయటపడ్డాను.

గేటు తీశాను. వంటింట్లోంచి వచ్చే నీళ్ళు తూము కింద చిన్న మడుగు కట్టి ఉన్నాయి. ఆ నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

వంటింట్లోకి పరుగెత్తాను. లోపల వెల్లుల్లి పోపు వాసన కమ్మగా వస్తోంది. పెద్ద గిన్నె తోమి బోర్లించి ఉంది. గట్టు మీద జామ్ సీసా ఖాళీగా ఉంది, దాని మూతి చుట్టూ గులాబీ పొడి. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ హుషారుగా ఎదురొచ్చింది.

"ఇవాళ నీకు లేదు పో! ఆలస్యం చేశావుగా" అంది.

"ఏం వండారత్తయ్యా?"

"గింజల కూర. ఎవరు పెట్టారో గానీ, తినే గింజల్ని తీసుకెళ్ళి పారల పక్కన పెట్టారు. బుద్ధుందా అసలు? రంగు చూడు, ఎంతకీ వదల్లేదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాను. చేతులు పడిపోయాయనుకో."

"మీరు తిన్నారా?" అరిచినట్టే అడిగాను.

"నాకెక్కడ మిగిలింది? అడుగంటా ఊడ్చి పంచేశాను."

"ఎవరెవరికి ఇచ్చారు?"

అత్తయ్య వేలు మడిచి లెక్క మొదలుపెట్టబోయింది. వేలు అలాగే ఆగిపోయింది. ముఖంలో హుషారు కొంచెం కొంచెంగా దిగిపోయింది. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. "ఇచ్చాను... అందరికీ ఇచ్చానమ్మాయ్. ఎందుకలా చూస్తున్నావు? నేనేమైనా చేశానా?" అంది. ఆ కళ్ళలో బెదురు కనిపించింది. "ఏం లేదు, మీరిక్కడే ఉండండి" అని బయటికి పరుగెత్తాను.

నర్సరీ ఆయన గొట్టం పట్టుకుని మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు.

"మా అత్తయ్య కూర ఇచ్చిందా?"

"ఇచ్చారమ్మా! బ్రహ్మాండం. అసలు ఆ చేతిలోనే..."

"తిన్నారా?"

"తినకుండా ఉంటామా? మావాళ్ళు గిన్నె నాకేశారంటే నమ్ము."

"అవి మీరిచ్చిన విత్తనాలండీ! మందు పూసిన గింజలు! పిల్లలెక్కడున్నారు? ఆసుపత్రికి పదండి!"

ఆయన కుప్పకూలతాడనుకున్నాను. కూలలేదు. గొట్టం కింద పడేసి గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య!" అన్నాడు. ఆయనకు పిచ్చెక్కిందేమో అనిపించింది నాకు.

"తినలేదులే అమ్మా," అన్నాడు నా ముఖంలోకి చూడకుండా. "మేమెవరం తినలేదు."

"ఇప్పుడే కదా గిన్నె నాకేశారన్నారు?"

ఆయన వెళ్ళి కొళాయి కట్టేశాడు. తర్వాత నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఆకులూ తొక్కలూ కుళ్ళబెట్టి ఎరువు చేసే గొయ్యి ఉంది. ఆ చెత్త మీద మా కూర పడి ఉంది. గింజల వేడి ఇంకా ఆరినట్టు లేదు. దాని కింద నిన్నటి రొట్టె ముక్కలు. నేను అంచు కొరికి చూసి, బాగుందని పంపిన రొట్టె అది.

"చాన్నాళ్ళయింది" అన్నాడు. "ఓసారి సూపులో సబ్బు వాసన వచ్చింది. మా చిన్నాడికి కడుపులో తిప్పేసింది. అప్పట్నుంచి... పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని, తీసుకుని ఇక్కడ వేస్తున్నాం."

గోడ అవతల నుంచి టైలరక్క తల పైకి లేచింది. మా మాటలు విన్నట్టుంది. "మేమూ అంతే చెల్లీ. తప్పుగా అనుకోకు. అసలే ఉద్యోగం చేసొచ్చి ఆవిణ్ణి చూసుకుంటున్నావు. నీకు చెప్పి బాధపెట్టకూడదనుకున్నాం" అంది. ఈ గోల విని మాస్టారు కూడా వచ్చారు. ఆయన్ను అడగాల్సిన పని లేకుండానే తల దించుకున్నారు. "మాలో మేం ఒకమాట అనుకున్నామమ్మా. ఈ సంగతి మీ ఇంటి దాకా రాకూడదని" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను రోజూ ముందు నా నోట్లో వేసుకుని చూసి పంపుతున్నానండీ! మీకేమైనా అవుతుందని! నాకు నిద్ర పట్టక చస్తున్నాను! మీరు గోతిలో పోసి, గిన్నె కడిగి, నిమ్మకాయలు పెట్టి పంపిస్తారా? ఒక్కరు, ఒక్కరు వచ్చి నాతో అంటే ఏం పోయేది?" నా గొంతు ఎక్కడికో పోయింది. వాళ్ళు ముగ్గురూ చీవాట్లు తినే పిల్లల్లా నిలబడ్డారు. తిడుతూనే ఉన్నాను గానీ, లోపల మాత్రం బరువు దిగిపోతోంది. ఎవరూ తినలేదు. దేవుడా, ఎవరూ తినలేదు. ఆ మాట మనసులో అనుకుంటూ ఉండగానే మూలిల్లు గుర్తొచ్చింది.

"మూలింటి అమ్మాయికి ఎవరు చెప్పారు?" అన్నాను.

టైలరక్క మాస్టారి వైపు చూసింది. మాస్టారు నర్సరీ ఆయన వైపు చూశారు.

"మీరు చెప్పారనుకున్నానండీ" అన్నాడు నర్సరీ ఆయన.

"నేనా? కొత్తగా వచ్చిన పిల్ల... వచ్చీ రాగానే పెద్దావిడ గురించి అలాంటి మాట ఎలా చెప్తాం?" అన్నారు మాస్టారు.

ఇంకేం వినలేదు. నలుగురం పరుగెత్తాం.

మూలింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళ్ళాను. ఆ పిల్ల నేల మీద గోడకు జారగిలబడి కూర్చుంది. పక్కన బకెట్టు. ముఖం సున్నం కొట్టినట్టుంది, నుదుటి మీద చెమట. మా గిన్నె కడిగి, బల్ల మీద పెట్టి ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"అక్కా, సమయానికి వచ్చారు. ఏడో నెలలో కూడా వాంతులవుతాయా? కడుపులో ఒకటే మెలిపెడుతోంది."

"కూర తిన్నావా?"

"మొత్తం నేనే తినేశా. ఈయనకు ఉంచుదామనుకున్నాను, ఆగలేకపోయాను" అంది. మళ్ళీ బకెట్టు మీదికి వంగింది. ఒక చెయ్యి పొట్టను వదల్లేదు. "ఇందాకటి నుంచీ లోపల కదలట్లేదక్కా. పడుకుందేమో కదా?"

టైలరక్క ఆ పిల్లను వెనక నుంచి పట్టుకుంది. నర్సరీ ఆయన, "సంచీ మీద మందు పేరుంటుంది, తెస్తాను" అని వెనక్కి పరుగెత్తాడు. నేను ఆసుపత్రికి ఫోను చేశాను. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నేల మీద ఉంచాను. అవతల ఒకావిడ ఎత్తింది. నేను రోజూ ఆఫీసులో మాట్లాడే గొంతే అది. తొణకదు, బెణకదు, వరసగా అడుగుతుంది. అంబులెన్సు బయల్దేరిందని చెప్పింది. మనిషి స్పృహలో ఉందా? ఎన్నో నెల? ఏం తింది? ఎప్పుడు తింది? నర్సరీ ఆయన రొప్పుతూ వచ్చి, పుర్రె బొమ్మ ఉన్న సంచీ ముక్క చూసి మందు పేరు చదివాడు. ఫోనులో ఆవిడ అది రాసుకుంది.

"ఆ వంట ఇంకా ఎవరెవరు తిన్నారు? వాళ్ళందర్నీ కూడా పంపాలి. ఇంకో బండి కావాలంటే ఇప్పుడే చెప్పండి."

"అక్కర్లేదు" అన్నాను.

"ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందా వంట?"

"అన్ని ఇళ్ళకూ వెళ్ళింది. తిన్నది ఈ అమ్మాయి ఒక్కతే."

"ఖచ్చితంగా తెలుసా?"

"తెలుసు."

ఆ పిల్ల తల ఎత్తింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ముందు నన్ను చూసింది, తర్వాత తన భుజాలు పట్టుకున్న టైలరక్కను, సంచీ పట్టుకున్న నర్సరీ ఆయన్ను, గుమ్మంలో నిలబడ్డ మాస్టారిని చూసింది.

"నేనొక్కదాన్నేనా?" అంది. "మీరెవరూ తినలేదా?"

 నేను చెబుదామని నోరు తెరిచాను. రోజూ గేటు దాకా వెళ్ళి మింగేసిన ఆ ముక్కను అప్పుడు కూడా మింగేశాను. ఎందుకంటే మాస్టారిని పక్కకు తప్పించుకుంటూ మా అత్తయ్య లోపలికి వచ్చింది. ఇంట్లో ఉండమన్నా ఉండలేదు. కాళ్ళకు చెప్పులు లేవు. వచ్చి ఆ పిల్ల పక్కన నేల మీద కూలబడి, చల్లబడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎందుకు తినరు తల్లీ? అందరూ తిన్నారు" అంది. "రోజూ తింటారు. ఒక్కసారి కూడా వద్దనలేదు. ఎంత బాగుందో అని చెప్పి, గిన్నెలు కడిగి మరీ పంపుతారు. నీకు ఇదేదో ఒంట్లో వేడి అయి ఉంటుంది. నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదమ్మా, భయపడకు."

ఆ పిల్ల అత్తయ్యను చూడలేదు. కళ్ళార్పకుండా వాళ్ళ ముగ్గురినే చూస్తోంది. ఫోనులో ఆవిడ "హలో, వింటున్నారా?" అంటోంది. వీధి మొదట్లో అంబులెన్సు కూత వినిపించింది.

అత్తయ్య తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

"చెప్పండి మాస్టారూ," అంది. "పిల్ల బెంగపెట్టుకుంటోంది. ఇవాళ కూర ఎలా ఉందో మీరే చెప్పండి."